గూడుగల త్రొక్కుడుబండి మన వీథులలో ఏల కానరాదు?

(కొంతం చౌకు ప్రాంతమున మన సంఘ పాఠశాల విద్యార్థుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



యంత్రములను గూర్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పవలసినదనియు, వారు ప్రతిదినము చూచు వస్తువును గూర్చియే చెప్పవలసినదనియు ప్రధానోపాధ్యాయులు నన్ను కోరిరి. ఆ కోరికలో సగమే నేను తీర్పగలను. ఏలయన నేను చెప్పబోవు వస్తువును మీరు చూచియుండరు. కొంతం చౌకునందు తెల్లవారినది మొదలు రాత్రి పదిగంటల వరకు నిలుచుండి లెక్కించినను అట్టిది యొక్కటియు మీ కంటబడదు. అది కంటబడకపోవుటయే నేటి నా విషయము.

సైకిలును మీరందరు నెరుగుదురు. సైకిలునకు మూడుగాని నాలుగుగాని చక్రములమర్చి, త్రొక్కువాడు వెనుకకు వాలి కూర్చుండి కాళ్లు ముందునకు చాపి పెడళ్లు త్రొక్కునట్లు చేసి, వాని చుట్టును చేప దేహమువలె నున్నని పెంకు నొకదానిని కప్పినచో అది గూడుగల త్రొక్కుడుబండి యగును. ఐరోపా వారు దీనిని వెలొమొబైల్ అందురు. దీనికి ఇంజను లేదు, పెట్రోలు అక్కరలేదు, పొగ లేదు. వాన తడుపదు, ఎదురుగాలి వెనుకకు నెట్టదు. ఇన్ని గుణములు గల వస్తువు లోకమంతట వ్యాపించియుండవలెను గదా! వ్యాపింపలేదు. లోకమున సైకిళ్లు కోట్లకొలది యుండగా ఇవి వేలలో మాత్రమే యున్నవి. అవియు అధికభాగము నెదర్లాండ్సు, జర్మనీ మొదలగు చల్లని దేశములయందే.

యంత్రము చెడ్డదగుటచే ఇట్లు జరిగెనని తలపరాదు. మనుష్యుడు తన కాలి బలముతో నేలమీద పోగలిగిన అత్యధిక వేగము ఇట్టి పెంకులోనే సాధింపబడినది. 2016వ సంవత్సరమున కెనడా దేశస్థుడగు టాడ్ రైకర్ట్ అమెరికాలోని బ్యాటిల్ మౌంటెన్ అను ఊరివద్ద గంటకు 144 కిలోమీటర్ల వేగమును దాటెను. మన ఆటోరిక్షాలు సగము వేగముననే వణకుట మీకు తెలియును. ఇందలి రహస్యము గాలిలో నున్నది. మెల్లగా పోవువానికి గాలి స్నేహితుడు. త్వరగా పోవువానికి గోడ. వేగము రెండింతలైనచో గాలి యెదురుదెబ్బ నాలుగింతలగును. దానిని గెలుచుటకు వలయు బలము ఎనిమిదింతలగును. నిటారుగ కూర్చుండి సైకిలు త్రొక్కువాడు గంటకు 30 కిలోమీటర్లు పోవలెనన్నచో 200 వాట్లకు పైగా శక్తి వెచ్చింపవలెను. అది వ్యాయామశీలురకే చెల్లును. నున్నని పెంకులో పడుకొనినట్లు కూర్చున్నవాడు ఇంచుమించు 75 వాట్లతోనే ఆ వేగమును అందుకొనును. సామాన్యుడు గంటసేపు అలసట లేక ఇయ్యగలిగిన శక్తి అంతయే. లెక్క సరిగానే యున్నది. అయినను ఇందొక మెలిక కలదు, దానిని తరువాత విప్పెదను.

మొదట కథ చెప్పెదను. ఫ్రాన్సు దేశమున చార్లెస్ మోషె అను నతడు చిన్న కార్లను చేయువాడు. అతని కుమారుడు జార్జి తనకు సైకిలు కావలెనని మారాము చేసెను. సైకిలునుండి పడి పిల్లవాడు గాయపడునని తల్లికి భయము. అందుచే తండ్రి నాలుగు చక్రములతో పెడళ్లు గల చిన్న కారును చేసియిచ్చెను. బాలుడు దానిమీద ఇతర పిల్లల సైకిళ్లను దాటి పోవుచుండగా చూచి, తండ్రి పెద్దవారికొరకు ఇద్దరు పక్కపక్కన కూర్చుండి త్రొక్కు బండిని నిర్మించి దానికి వెలోకార్ అని పేరిడెను. 1930 ప్రాంతముల ఫ్రాన్సులో కారు కొనలేనివారు దీనిని కొనిరి. తల్లి భయము, తండ్రి చేతిపని కలసి ఒక పరిశ్రమకు మూలమైనవి.

ఆ మోషెయే నాలుగు చక్రముల బండిని నిలువున సగము చేసినట్లు రెండు చక్రములతో, వెనుకకు వాలి త్రొక్కు సైకిలును చేసెను. 1933 జూలై నెలలో ఫ్రాన్సిస్ ఫోర్ అను పందెగాడు పారిసు నగరమున దానిమీద ఒక గంటలో 45 కిలోమీటర్లకు కొంచెము పైగా పోయి, 1914 నుండి నిలిచియున్న ఆస్కార్ ఎగ్ గారి లెక్కను మించెను. పందెగాండ్రలో అతడు అగ్రశ్రేణివాడు కాడు; ఘనత బండిది. మరుసటి సంవత్సరమే, అనగా 1934లో, అంతర్జాతీయ సైకిలు సంఘమువారు సమావేశమై, పందెములలో సైకిలు ఎట్లుండవలెనో కొలతలతో నిర్ణయించి, వాలి త్రొక్కు బండ్లను వెలివేసిరి. మోషె ఆ సంవత్సరముననే మరణించెను. 1939లో ఫోర్ అదే తీరు బండికి నున్నని గూడు తొడిగి గంటలో 50 కిలోమీటర్లను దాటెను; ఆ సంఘము పుస్తకములో మాత్రము అది చేరలేదు.

ఇట్టి బండ్లను ప్రేమించువారు చాలమంది, "ఆ నిషేధము లేకున్నచో నేడు ఊరూర ఇవియే తిరుగుచుండెడివి" అని చెప్పుదురు. నాకా మాట పూర్తిగా నచ్చదు. పందెపు మైదానములో ఎవరెట్టి సైకిలు త్రొక్కవలెనో ఆ సంఘము నిర్ణయింపగలదు గాని, ఉదయము పనికి పోవు కార్మికుడు ఏమి త్రొక్కవలెనో అది చెప్పలేదు. మీ తాతలు పాత మిల్లుకు పోవుటకు సైకిలు కొన్నప్పుడు పారిసునందు ఏ సంఘము ఏమి తీర్మానించెనో విచారింపలేదు. కారణము మరియొకచోట వెదుకవలెను.

వెదుకుటకు సాధనముగా ఆ వెలోకారు తరువాతి చరిత్ర చాలును. రెండవ ప్రపంచ యుద్ధమున ఫ్రాన్సు శత్రువుల చేత చిక్కి, పెట్రోలు దొరకని కాలమున వెలోకార్లకు గిరాకి హెచ్చెను. స్వీడనులోను ఆ కాలముననే, ఇంటివద్ద స్వయముగా చేసికొనదగిన ఇట్టి బండి నమూనా పటములు లక్షకు పైగా అమ్ముడయ్యెనని చెప్పుదురు. పటము కొన్నవారిలో బండి పూర్తిచేసినవారు మిక్కిలి కొద్దిమంది. (పటము కొనుట సులభము, వడ్రంగము కష్టము.) యుద్ధము ముగిసి పెట్రోలు వచ్చినంతనే ఫ్రాన్సులో జనులు పెడళ్ల బండిని విడిచిరి. మోషె కుమారుడు జార్జి, ఏ బాలునికొరకు ఆ బండి పుట్టెనో అతడే, తన బండ్లకు చిన్న ఇంజనులు బిగించి అమ్మసాగెను. పెడళ్లు పోయెను, గూడు మిగిలెను.

ఈ వరుసను మనము మన దేశమునందును చూచితిమి. 1972లో పూణెకు చెందిన కైనెటిక్ ఇంజనీరింగు సంస్థ లూనా అను బండిని తెచ్చెను. దానికి ఇంజనుతోపాటు పెడళ్లు కూడ నుండెడివి. షోలాపురమున లూనా లేని వీథి యుండెడిది కాదని మీ పెద్దలు చెప్పుదురు. వారిని అడిగి చూడుడు: ఆ పెడళ్లను బండిని కదలించుటకు త్రొక్కిరా, లేక పెట్రోలు అయిపోయిన నాడు మాత్రమే త్రొక్కిరా? 2024లో అదే పేరుతో విద్యుచ్ఛక్తితో నడచు బండి వచ్చినది. దానికి పెడళ్లే లేవు. ఆంధ్ర తెలంగాణ పట్టణములలో ఒకప్పుడు వేలకొలదిగా నుండిన సైకిలు రిక్షాను తలచుకొనుడు. దానికి గూడు కలదు. కాని ఆ గూడు ఎవరికి? కూర్చున్నవారికి. త్రొక్కువాడు ఎండలోనే. బరువు అతనిది, నీడ ఇతరులది. ఆ రిక్షాను తేలిక చేయవలెనని, త్రొక్కువానికి బ్యాటరీ సాయమొసగవలెనని పలువురు యత్నించిరి. దుర్గాపురమునందలి కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాల వారు చేసిన సోలెక్‌షా అను బండి 2008లో ఢిల్లీలో ఆరంభింపబడెను. అది నిలద్రొక్కుకొనకముందే పెడళ్లు లేని విద్యుత్ రిక్షా వీథులను నింపినది. 2015లో మోటారు వాహనముల చట్టమును సవరించి దానికి స్థానమొసగిరి.

ఈ యుదాహరణములన్నిటను ఒకే సూత్రము నాకు కానవచ్చుచున్నది. గూడు కప్పగానే బండి బరువెక్కును, వెల పెరుగును. వెల అంత పెరిగిన పిదప మరికొంత సొమ్ము చేర్చినచో చిన్న మోటారు వచ్చును. మోటారు వచ్చిన తరువాత కాలు ఊరకుండును. పూర్వము ఎద్దులు పూన్చిన గూడుబండ్లు ఉండెడివి. ఆ గూడు బరువును ఎద్దులు మోసెను, కావున లోపలివారికి గూడు సుఖమే. త్రొక్కుడుబండిలో ఎద్దును తామే, ప్రయాణికుడును తామే. గూడుగల త్రొక్కుడుబండి ఈ విధముగా సైకిలునకును మోటారు బండికిని నడుమ ఇరుకున బడినది. క్రిందివాడు దానికంటె చౌక. పైవాడు దానికంటె సులభము.

ఇప్పుడు ముందు చెప్పిన మెలికకు వత్తును. పెంకు వలని లాభమంతయు వేగములో నున్నదని వింటిరి. గంటకు 12 కిలోమీటర్లు పోవువానికి గాలి పెద్ద శత్రువు కాదు. వానికి పెంకు వలన కలుగు మేలు స్వల్పము, పెంకు బరువు మాత్రము పూర్తిగా వానిదే. సాఖర్ పేటనుండి కన్నా చౌకు మీదుగా అశోక్ చౌకు వరకు సాయంకాలమున 30 కిలోమీటర్ల వేగముతో పోగలవారెవరు? పోరాదు కూడను. అడుగడుగున కూడలి, కూడలికొక గుంపు, గుంపు దాటినంతనే గతిరోధకము. మూడు చక్రముల ఆ పెంకుబండి నేలకు బెత్తెడెత్తున నుండును. గతిరోధకము దాని కడుపును గీయును. దానిలో కూర్చున్నవాని తల లారీ చక్రము ఎత్తునకు రాదు. లారీవాడు వానిని చూడడు. వాడు మాత్రము పొగగొట్టమును మిక్కిలి దగ్గరనుండి చూచును.

ఇంటికి చేరెననుకొందము. ఐరోపాలో పేరుబడిన క్వెస్ట్ అను బండి పొడవు రెండు మీటర్ల ఎనుబది సెంటీమీటర్లకు పైన. మన పూర్వ భాగపు ఇండ్లలో ముందరి గదిని మగ్గమాక్రమించినచో మనుష్యులు గోడకు ఒదిగి పడుకొన్న దినములు కలవు. సైకిలును రాత్రి గడప దాటించి గోడకు ఆనించుదుము. మేడమీద కాపురమున్నవాడు భుజమున వేసికొని మెట్లెక్కును. ఈ పెట్టెను ఎచ్చట ఆనింతుము? వీథిలో విడిచినచో తెల్లవారునప్పటికి దానిలో పిల్లలో కుక్కలో పడుకొనియుండును. పగిలినచో దాని పెంకు గాజునారతోనో కార్బను నారతోనో చేసినది గనుక చౌకులోని సైకిలు మరమ్మతువాడు అతుకలేడు. సైకిలు సంగతి అట్లు గాదు. ట్యూబు, చైను, బేరింగు గుండ్లు ఏ వీథిలోనైనను దొరకును. ఏ పిల్లవాడైనను విప్పి బిగింపగలడు. క్రొత్త వెలొమొబైల్ వెల ఐరోపాలో ఎనిమిదివేల యూరోల చుట్టునో అంతకు మించియో యుండును, అనగా మన లెక్కకు ఏడెనిమిది లక్షల రూపాయలకు తక్కువ గాదు. అంత సొమ్ముతో ఇచ్చట నాలుగు చక్రముల మోటారు కారునే కొనవచ్చును.

ఎండ మాట వేరుగ చెప్పవలెను. మన శరీరము తిన్న అన్నమునుండి పుట్టించు శక్తిలో నాలుగవ వంతు మాత్రమే పెడలును చేరును, తక్కినది వేడిగా బయటికి పోవలెను. 75 వాట్ల పని చేయువాని దేహమునుండి 200 వాట్లకు మించిన వేడి వెలువడును. సైకిలు మీద ఎదురుగాలి ఆ వేడిని ఎగురగొట్టును, చెమట ఆరును. పెంకులో ఆ గాలియే లేదు. డెన్మార్కులోను నెదర్లాండ్సులోను చలికాలమున అదియే సుఖము. వైశాఖ మాసమున 42, 43 డిగ్రీల ఎండ కాయు షోలాపురమున అది ఆవిరిపెట్టె. వాన కొరకు గూడు కావలెనందురా, మనది వానకు మొగము వాచిన జిల్లా.

ఇంతవరకు విని, ఇక ఆ బండితో మనకు పనిలేదని మీరు నిశ్చయించుకొనియుందురు. కొంచెము ఆగుడు. పూర్వము మన పద్మశాలి కుటుంబములకు ఇల్లు, మగ్గము, మిల్లు, బీడీ కార్ఖానా శాఖ అన్నియు నడకదూరమున నుండెను. ఇప్పుడట్లు లేదు. నగరమునకు ఇంచుమించు 10 కిలోమీటర్ల దూరమున కుంభారివద్ద బీడీ చుట్టు స్త్రీల కొరకు పదివేల ఇండ్ల కాలనీ 2006లో ఏర్పడినది. అచ్చటనే రే నగర్ అను పేర మరి ముప్పదివేల ఇండ్ల పథకము చేపట్టబడి, 2024 జనవరిలో పదునైదువేల ఇండ్లు కార్మికులకు అప్పగింపబడినవి. స్వంత ఇల్లు కలిగినది, అది గొప్ప సంగతి. దానితోపాటు దారి పొడవు కూడ పెరిగినది. మగ్గముల పని, బజారు, పెద్ద ఆసుపత్రి, మార్కండేయ దేవాలయము, బంధువులు నగరములోనే యుండిరి. పది కిలోమీటర్లు సైకిలు మీద 40 నిమిషములు. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో 20 నిమిషములు. రాకపోకలకు దినమునకు 40 నిమిషములు మిగులును. కూలివానికి 40 నిమిషములు చిన్నవి కావు. గూడుబండి తన గుణమును చూపదగిన దూరము సరిగా ఇదియే. కూడళ్లు తక్కువ, నేల చాలవరకు చదును. నెదర్లాండ్సులో ఇట్టి దూరములకే దానిని వాడుచున్నారు.

కాని నెదర్లాండ్సులో ఆ పది కిలోమీటర్లును సైకిళ్లకు ప్రత్యేకమైన బాట యుండును. ఇచ్చట అక్కల్‌కోట దారిలో లారీలతో, బస్సులతో, చెరకు ట్రాక్టర్లతో ఒకే బాట పంచుకొనవలెను. అట్టి దారిని గూడుబండి కాదు, ఉత్త సైకిలే ఎక్కుటకు జంకుచున్నది. సైకిలు త్రొక్కువారు తగ్గిపోవుటకు బద్ధకమే కారణమని కొందరు పెద్దలు సభలలో చెప్పుట విన్నాను. ఆ పెద్దలు కారులో వచ్చిరి. చీకటిపడిన పిదప ఆ దారిని ఒక్కసారి సైకిలుపై వచ్చిన తరువాత ఆ మాట అనుట న్యాయము. బాట లేనిచోట ఎంత మంచి బండిని కనిపెట్టినను అది ప్రదర్శనశాలకే పరిమితమగును. బాట వేసినచోట తుప్పుపట్టిన సైకిలు సైతము పనికివచ్చును. 2006లో బిహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లకు సొమ్మిచ్చినప్పుడు ఇచ్చినది సాధారణమైన సైకిలే. బడి దూరమని చదువు మానెడి బాలికలు దానితో బడికి పోయిరి.

నేతపనిలో మనకొక పాఠము కలదు. త్రాడు లాగినంతనే తానే పరుగెత్తు నాడెను ఇంగ్లండులో జాన్ కే 1733లో కనిపెట్టెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో మన చేనేతవారు దానిని విరివిగా స్వీకరించిరి. మిల్లుకు దాసులమగుదుమని భయపడినవారు కూడ దానిని కాదనలేదు. ఎందువలన? పాత మగ్గమును పారవేయ నక్కరలేకపోయెను. అదే చట్రము, అదే అచ్చు, అదే పడుగు. దోనెపలక మార్చి త్రాడు కట్టినచో చాలును. ఊరి వడ్రంగి చేయగలిగెను. వెల కొద్ది, నేర్చుకొనుటకు కొద్దిదినములు, పని మాత్రము మునుపటికంటె చాల ఎక్కువ. గూడుగల త్రొక్కుడుబండి ఇందుకు పూర్తిగా విరుద్ధము. ఉన్న సైకిలును విడువుము, ఉన్న యింటిని విడువుము, ఉన్న బాటను మార్చుము, ఉన్న మరమ్మతువానిని మరచిపొమ్ము, తరువాత నన్ను కొనుము అని అది కోరుచున్నది. అంత కోరు వస్తువును ధనికుడు వేడుకకు కొనును, కార్మికుడు కొనడు.

అట్లయిన గూడు అక్కరయే లేదా యని మీలో నొకరు అడుగవచ్చును. ఉన్నది. మనుష్యునికి గాదు, సరకునకు. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో 1984లో క్రిస్టియానియా బండి అను మూడు చక్రముల సైకిలును చేసిరి. ముందర పెట్టె, వెనుక త్రొక్కువాడు. పెట్టెలో పిల్లలను, కూరగాయలను ఎక్కించి పైన గుడ్డ గూడు వేయుదురు. త్రొక్కు తల్లి మాత్రము బయటనే, గాలిలోనే, నలుగురికి కనబడుచు పోవును. తెలిసినవారు ఎదురైనచో కాలు నేల మోపి నిలిచి మాటలాడును. పెంకుబండి వేలలో నిలిచిపోగా ఈ తీరు పెట్టెబండ్లు ఐరోపా నగరములలో వ్యాపించుచున్నవి.

మన యింటి స్త్రీలు చుట్టిన బీడీలను బుట్టలో పెట్టుకొని శాఖకు తీసికొనిపోవునప్పుడు ఒక్క జల్లు పడినచో ఏమగునో మీలో చాలమందికి తెలియును. తడిసిన కట్టను ముకద్దము పక్కకు నెట్టును. దినపు కష్టము పోవును. తునికాకు ఎండకు పెళుసెక్కినను చుట్టుటకు పనికిరాదు. కావున కప్పవలసినది ఆ బుట్టను. సైకిలు వెనుక క్యారియరుకు సరిపోవునట్లు రెండు జానల పొడవు, జానెడు వెడల్పు గల తేలిక పెట్టె, వెదురు చట్రము, మైనపు గుడ్డ మూత, గాలి ఆడుటకు ప్రక్కల సన్నని రంధ్రములు. బరువు రెండు కిలోలు మించరాదు. చేతికి అందు ఎత్తున తెరచుకొనవలెను, చీర కొంగు చక్రములో చిక్కకుండ ప్రక్కన పలక నుండవలెను. దీనిని చేయుటకు పైన జెప్పిన కార్బను నార అక్కరలేదు. పై తరగతి విద్యార్థులు కొలతలు తీసికొనగోరినచో తమ తల్లుల బుట్టలతోనే మొదలుపెట్టవలెను; ఒక్కొక్క ఇంటి బుట్ట ఒక్కొక్క కొలత గలది.